దారి ఎందుకు వంగింది

మార్చి 3, సోమవారం

ఇవాళ నాకు 'రాదు' లేని బోర్డు ఒకటి దొరికింది.

నగరపాలక సంస్థలో చేరినప్పటినుంచీ నేను రాసినవన్నీ ఒకే మాటతో ముగిసే బోర్డులు. పూలు కోయరాదు. కుక్కలను వదలరాదు. చెరువులో దిగరాదు. మా ఆయన నన్ను 'రాదు మేడమ్' అని పిలిచి తనే నవ్వుకుంటాడు. ఇవాళ డైరెక్టర్ పిలిచి, పెద్ద పార్కు తెరిచి అరవై ఏళ్ళు కావస్తోందనీ, రిపేర్లన్నీ అయ్యేలోగా గేటు దగ్గర పార్కు చరిత్ర బోర్డు పెట్టాలనీ చెప్పాడు. ఒక పేరా చాలట. నిలబడి చదివేంత ఉండాలి, కూర్చుని చదివేంత వద్దు అన్నాడు.

రాజధానికి నడిబొడ్డున ఉన్న పార్కు. రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకి వస్తాను. దాని గురించి నాకేం తెలుసా అని ఆలోచించాను. ఐస్‌క్రీమ్ బండి ఏ గేటు దగ్గర ఆగుతుందో తెలుసు. అంతే.

మార్చి 5, బుధవారం

పొద్దున్నే పార్కుకి వెళ్ళాను. చూడ్డానికి కాదు, మొదటిసారిగా గమనించడానికి.

పెద్ద గేటు నుంచి చెరువు దాకా వెడల్పాటి దారి. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. రెండు వైపులా చెట్లు. సగం దూరం వెళ్ళాక ఆ దారి, ఏదో గుర్తొచ్చిన మనిషిలా, ఉన్నట్టుండి ఎడమకి తిరుగుతుంది. అర్ధచంద్రాకారంలో చుట్టూ వెళ్ళి, మళ్ళీ తన లైన్‌లోకి వచ్చి, ఏమీ జరగనట్టు చెరువుకి పోతుంది. ఆ చంద్రవంకలో ఏముందా అని చూశాను. గడ్డి. విగ్రహం లేదు, ఫౌంటెన్ లేదు, కనీసం ఒక చెట్టయినా లేదు.

ఇన్నేళ్ళుగా ఆ మలుపు నేనూ తిరిగాను. ఎందుకు తిరుగుతున్నానని ఒక్కసారీ అడగలేదు.

రిపేర్ల ఇంజనీరు అక్కడే ఉన్నాడు. కుర్రవాడేమీ కాదు, కానీ చేతిలో ఎప్పుడూ కొలత టేపు తిప్పుతూ ఉంటాడు. ఆఫీసులో అతన్ని అందరూ టేపు అనే అంటారు. పాత డిజైన్‌లో పొరపాటన్నాడు. కొత్త ప్లాన్‌లో దారి తిన్నగా వేస్తున్నారట. పని లేకుండా ఎవరైనా దారి వంకరగా గీస్తారా అని అడిగాను. గీసినవాళ్ళు ఇప్పుడు లేరు కదా మేడమ్ అని టేపు చుట్టేశాడు.

మార్చి 6, గురువారం

డైరెక్టర్‌కి కారణం తెలుసట. చెప్పడానికి ఆయనకి భలే సరదా. పార్కు కట్టేటప్పుడు అక్కడ ఒక మొండి ముసలమ్మ ఇల్లుండేది. ఎంత ఇస్తామన్నా చాలదంది. ఇంకా పెంచితే ఇంకా చాలదంది. విసుగెత్తి ఆవిడ ఇంటి చుట్టూ దారి తిప్పేశారు. "ఆశకి అంతుండాలి కదమ్మా. అది రాయి బోర్డు మీద. జనం నవ్వుకుంటారు" అన్నాడు.

నేనూ నవ్వాను. తర్వాత ఒక సంగతి తట్టింది. అంత ఆశ ఉన్న మనిషి, అంత పెద్ద మొత్తం వద్దని పార్కు మధ్యలో ఎందుకు కూర్చుంటుంది?

మార్చి 8, శనివారం సాయంత్రం

అత్తయ్యకి మొండి ముసలమ్మ కథ చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మడత మధ్యలో ఆగిపోయింది.

"ముసలమ్మేంటి? ఆమెకి నలభై కూడా ఉండవు. నలభై లేనిదాన్ని ముసలమ్మంటే నిన్నేమనాలి?" అంది. నాకు నలభై ఆరు.

అత్తయ్య ఆ ఇంటిని చూసింది! ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. నువ్వెప్పుడడిగావు అంది. పెళ్ళయిన కొత్తలో మామయ్య ఆదివారాలు పార్కుకి తీసుకెళ్ళేవాడట. కొత్త చెట్లు, కొత్త బెంచీలు, బ్యాండు మేళం. వాటన్నిటి మధ్య ఎర్ర ఇటుకల ఇల్లు. తీగ మీద బట్టలు ఆరుతూ ఉండేవట. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చేదట. హోటలనుకుని జనం వెళ్ళి టీ అడిగేవాళ్ళు. ఆమె కత్తెర పట్టుకుని బయటికి వచ్చి, ఇది కొంప, కొట్టు కాదు అనేది. మామయ్య కూడా అడిగాడట ఒకసారి. ఆ తర్వాత ఆ వైపు వెళ్ళినప్పుడల్లా మామయ్య చెట్ల వెనకనుంచి నడిచేవాడట.

ఇంకొకటి కూడా చెప్పింది. పిల్లలు బంతాట ఆడితే బంతి ఆ ఇంట్లోకి పోయేది. కాసేపటికి కిటికీలోంచి తిరిగొచ్చేది. కిటికీ రెక్క ఎప్పుడూ సగమే తెరిచి ఉండేది. విసిరినవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. కత్తెరావిడ మాత్రం ఆ సమయానికి బయటే ఉండేది. అంటే లోపల ఇంకెవరో ఉన్నారు. పిల్లలు దయ్యమనేవాళ్ళు. "నేనొకసారి వేళ్ళు చూశాను. దయ్యానికి అంత నాజూకు వేళ్ళు ఉండవు" అంది అత్తయ్య.

మార్చి 9, ఆదివారం

వేళ్ళు ఎవరివి?

మార్చి 11, మంగళవారం

పాత పత్రికలు దాచిన లైబ్రరీకి వెళ్ళాను. ఆఫీసు పనే కాబట్టి సెలవు పెట్టలేదు. పెట్టమన్నా పెట్టేదాన్ని.

పార్కుకి ముందు అక్కడ ఇటుక బట్టీలు ఉండేవి. సచివాలయం, కోర్టు, పెద్దాసుపత్రి, ఈ ఊళ్ళో ఎర్రగా కనిపించేవన్నీ ఆ మట్టితోనే కట్టారు. మట్టి తవ్వగా తవ్వగా మిగిలిన గొయ్యే ఇప్పుడు మనం పడవలు నడుపుకునే చెరువు. బట్టీల చుట్టూ పనివాళ్ళ బస్తీ ఉండేది. ఊరు పెరిగి బట్టీలు మూతపడ్డాక బస్తీ మొత్తాన్ని ఊరి చివరికి పంపించి పార్కు వేశారు. ఇదంతా పత్రికలో ఒక కాలమ్‌లో అయిపోయింది. పార్కులో నాటిన పూలమొక్కల గురించి మాత్రం రెండు కాలమ్‌లు రాశారు.

ప్రారంభోత్సవం ఫోటో దొరికింది. రిబ్బన్, పెద్దమనుషులు, దండలు. వాళ్ళ వెనక, మూలగా, ఒక ఆడమనిషి కెమెరాకి వీపు తిప్పి దుప్పటి ఆరేస్తోంది.

చాలాసేపు ఆ వీపునే చూశాను. ఊరంతా చప్పట్లు కొడుతుంటే ఆమె దుప్పటికి మడతలు సరిచేస్తోంది.

మార్చి 13, గురువారం

మలుపు దగ్గర చెట్టుకి ఒక కాగితం కట్టాను. 'ఇక్కడ ఒకప్పుడు ఉన్న ఇంటి గురించి తెలిసినవారు ఫోన్ చేయగలరు.' కింద నా నంబర్. బోర్డులు రాసే మనిషిని, పర్మిషన్ లేకుండా నోటీసు అంటించాను. మా ఆయన మా ఆవిడ చెడిపోయింది అన్నాడు.

మార్చి 15, శనివారం

పొద్దుటినుంచి ఫోన్లే. ఇల్లు ఎన్ని గదులని ఒకాయన. నీళ్ళు రోజంతా వస్తాయా అని ఒకావిడ. బ్యాచిలర్స్‌కి ఇస్తారా అని ఇంకొకరు. పార్కు ఫేసింగా అని అడిగినాయనకి, అంతకంటే ఫేసింగ్ ఇంకోటి ఉండదండీ అని చెప్పి పెట్టేశాను.

మార్చి 18, మంగళవారం

మధ్యాహ్నం ఫోన్. చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది, అంత గొంతు.

"ఆ కాగితం కట్టింది నువ్వేనా? అక్షరాలు అంత చిన్నవా? బస్సు బోర్డు ఇట్లా రాస్తే ఒక్కడూ ఎక్కడు."

ఎవరండీ మాట్లాడేది అన్నాను.

"ఆ ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్నదాన్ని."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని పక్క సీటావిడ చెబితేగాని నాకు తెలియలేదు.

మార్చి 19, బుధవారం

వెళ్ళివచ్చాను. మరిచిపోకముందే రాసేయాలి.

పాత బస్ డిపో వెనక, మూడో అంతస్తులో ఫ్లాట్. ఎనభై దాటినావిడ. మెట్లెక్కి నేను రొప్పుతుంటే ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఒక్కతే ఉంటుంది. సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైర్ అయింది. అందుకే ఆ గొంతు. కండక్టరమ్మ అనే రాసుకుంటాను. పేరు ఎక్కడా రాయొద్దంది. రాస్తే తన బస్సు ఎక్కినవాళ్ళంతా చిల్లర కోసం వస్తారట.

వాళ్ళ నాన్న బట్టీలో మేస్త్రీ. బాగా కాలిన ఇటుకలు ఏరి ఏరి ఆ ఇల్లు కట్టుకున్నాడు. అమ్మానాన్నలు పోయాక అక్కాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు. అక్క కుట్టుపని చేసేది. చెల్లెలు పదహారేళ్ళప్పుడు ఒకరోజు బజారుకి వెళ్ళింది. జనం మధ్యలో ఊపిరి ఆగిపోయినట్టయింది, కాళ్ళ కింద నేల జారిపోయినట్టయింది. ఎలాగో ఇల్లు చేరింది. మర్నాడు వీధి చివరి దాకా పోలేకపోయింది. కొన్నాళ్ళకి వాకిట్లోకి కూడా రాలేకపోయింది.

"ఎందుకని అడగకు, నాకూ తెలీదు. ఊరంతా అడిగింది. అక్కొక్కతే అడగలేదు. సాయంత్రం అన్నం పెట్టి, ఇవాళ గాలి బాగుంది అనేది. రమ్మని మాత్రం అనేది కాదు."

బస్తీ ఖాళీ చేయమన్నప్పుడు అందరూ లారీల్లో సామాన్లు వేసుకుని వెళ్ళిపోయారు. వీళ్ళకీ లారీ వచ్చింది. అక్క సామానంతా ఎక్కించి, చెల్లెలికి దుప్పటి కప్పి, కళ్ళు మూసుకో, నేను పట్టుకుంటాను అంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఈవిడ పెట్టిన కేకలకి లారీ డ్రైవర్ భయపడ్డాడట. అక్క ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి, ఎక్కించిన సామానంతా ఒక్కతే దించింది.

ఆఫీసర్లు వచ్చి ఎందుకు కదలవని అడిగారు. నిజం చెబితే చెల్లెల్ని పిచ్చాసుపత్రికి తీసుకెళతారని అక్క భయం. ఆ రోజుల్లో తీసుకెళ్ళేవాళ్ళే. అందుకని నోటికొచ్చింది చెప్పింది: ధర చాలదు. వాళ్ళు పెంచారు. చాలదంది. ఇంకా పెంచారు. అదీ చాలదంది.

"వాళ్ళు ఎక్కడ ఒప్పుకుంటారోనని అక్కకి ఒకటే వణుకు. తను అడిగింది ఇస్తే వెళ్ళాల్సొస్తుంది కదా. రాత్రిళ్ళు కూర్చుని ఇంకా పెద్ద అంకె ఆలోచించేది."

చివరికి ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది. దారి తిప్పేశారు. ఊళ్ళో అక్కకి పేరు స్థిరపడిపోయింది. ఆశపోతు, మొండిది. మార్కెట్లో మొహం మీదే అనేవాళ్ళట. అక్క కూరలు తీసుకుని వచ్చేసేదట.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. ఈవిడ బయటికి వెళ్ళలేకపోతే, బయటే కిటికీ దగ్గరికి వచ్చేసింది. బ్యాండు, పిల్లలు, ఐస్‌క్రీమ్ గంట. మొదట కిటికీ మూసుకుంది. తర్వాత సగం తెరిచింది. బంతులు పడితే విసిరింది. ఒక పిల్ల కావాలనే రోజూ బంతి వేసేదట, దయ్యం విసురుతుందా లేదా అని చూడ్డానికి. ఒకరోజు బంతి లోపల పడలేదు, కిటికీ కింద కలబంద పొదలో ఇరుక్కుంది. ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అక్క ఇంట్లో లేదు.

"పోయి తీసిచ్చాను. ఇచ్చాక చూసుకుంటే బయట ఉన్నాను. బయటికి రావాలని రాలేదమ్మా. బంతి ఇవ్వాలని వచ్చాను."

ఆ తర్వాత ఏళ్ళు పట్టింది. ఒక ఏడాది దీపస్తంభం దాకా. ఇంకో ఏడాది బెంచీ దాకా, ఆపైన చెరువు దాకా. అక్క పక్కన నడిచేది కాదు. వెనకాల, వేరే ఏదో పని మీద వెళ్తున్నట్టు, కత్తెర పట్టుకుని వచ్చేది. చివరికి ఒకనాడు ఇద్దరూ పెద్ద గేటు దాటి బస్సు ఎక్కారు. బస్సంతా జనం. ఈవిడకి మళ్ళీ ఊపిరాడలేదు. అప్పుడు కండక్టర్ కనిపించింది. అంతమంది మధ్య ఒక్కతే నిలబడి, లోపలికి జరగండి అంటోంది. అందరూ జరుగుతున్నారు.

"జనాన్ని చూస్తే నేను పక్కకి జరిగేదాన్ని. ఆమె జనాన్నే జరుపుతోంది. ఈ ఉద్యోగమేదో బాగుందే అనుకున్నా."

ఈవిడకి ఉద్యోగం వచ్చిన రోజున అక్క ఆఫీసుకి వెళ్ళి ఇంటి తాళాలు టేబుల్ మీద పెట్టింది. ఆఫీసర్లు అన్నిటికంటే మొదట ఇస్తామన్న ధరే ఇమ్మంది. వాళ్ళు ఈమెకి మతి పోయిందనుకున్నారు. ఇల్లు పడగొట్టి గడ్డి వేశారు. దారిని తిన్నగా చేయమని మాత్రం ఎవరూ ఆర్డర్ వేయలేదు. అలా ఉండిపోయింది. అక్క పోయి పదేళ్ళవుతోంది.

దారి తిన్నగా వేస్తున్నారని చెప్పాను. నేను ఎలాగైనా ఆపుతానని కూడా అన్నాను. అన్నప్పుడు నా గొంతు నాకే గొప్పగా వినిపించింది.

"ఎందుకు ఆపడం? నేను రాలేకపోబట్టి కదా అది వంగింది. వచ్చేశాను కదా" అంది కండక్టరమ్మ. టీ చల్లారిపోతోంది తాగమంది.

మార్చి 20, గురువారం

నిరుత్సాహంగా ఉంది. ఆవిడ ఏడుస్తుందనుకున్నానా ఏమిటి?

మార్చి 22, శనివారం

అత్తయ్యకి చెప్పాను. మొత్తం విని తన వేళ్ళు చూసుకుంది. తర్వాత, "ఆ గొంతున్న బస్సు కండక్టరా? 'సంచీ ఒళ్ళో పెట్టుకోమ్మా, సంచీకి టిక్కెట్ కొన్నావా' అని నన్ను ఎన్నిసార్లు అందో! ఆ వేళ్ళు ఆవిడవా? ఆ వేళ్ళతోనే కదా నాకు టిక్కెట్ చింపి ఇచ్చింది!" అంది. వెంటనే చూడాలంది.

డైరెక్టర్‌కి డ్రాఫ్ట్ ఇచ్చాను. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బాగుందమ్మా, కానీ జబ్బుల సంగతులు బోర్డు మీద ఎందుకు అన్నాడు. మొండి ముసలమ్మ అనే ఉంచమన్నాడు. అది అబద్ధమని చెప్పాను. అరవై ఏళ్ళుగా అందరూ అనుకుంటున్నదే కదా అన్నాడు. అరవై ఏళ్ళుగా అనుకుంటున్నారు కాబట్టే మార్చాలన్నాను. అయితే రెండూ వద్దు, విస్తీర్ణం రాసి వదిలేయమన్నాడు.

విస్తీర్ణం రాయను. రాస్తే ఆ దుప్పటి ఆరేసినావిడకి ఇంకో అరవై ఏళ్ళు అదే పేరు.

మార్చి 27, గురువారం

కండక్టరమ్మని పార్కుకి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాను అనకూడదు. ఆవిడే అత్తయ్య చెయ్యి పట్టుకుని ముందు నడుస్తూ ఎదురొచ్చినవాళ్ళని పక్కకి జరగమంది. ఇద్దరూ అప్పటికే పాతికేళ్ళ స్నేహితుల్లా ఉన్నారు. సంచీ గొడవ తేల్చుకున్నారు. తప్పు సంచీదే అని తేలింది.

మలుపు దగ్గర పని మొదలైపోయింది. గడ్డి మీద ఈ చివర నుంచి ఆ చివరకి సున్నంతో రెండు తిన్నని గీతలు. టేపు పనివాళ్ళతో మాట్లాడుతూ మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. ఎవరో చెప్పాను. కథంతా చెప్పడానికి టైం లేదు, సగమే చెప్పాను.

కొత్త దారి ఇదా, బాగుంది, దగ్గరవుతుంది అంది కండక్టరమ్మ. అత్తయ్య చెయ్యి వదిలేసి గీతల మధ్య నడవడం మొదలుపెట్టింది. మేం వెనకాలే.

సగం దూరంలో ఆగింది. అక్కడేమీ లేదు. ఒట్టి గడ్డి. కుడికాలు మోకాలి దాకా ఎత్తి, ముందుకు వేసింది. తర్వాత ఎడమకాలు, అలాగే ఎత్తి. తర్వాత నాలుగడుగులు కుడివైపు వేసి, భుజం కాస్త ఒదిగించుకుని, ఏదో ఇరుకు సందులోంచి వెళ్తున్నట్టు పక్కకి తిరిగి నడిచింది. ఒకచోట నిలబడి, మొహం చెరువు వైపు తిప్పి, "ఇక్కడ కిటికీ" అంది. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడగలదని నాకు తెలియదు.

టేపు నా పక్కకి వచ్చి, అక్కడ కాలు ఎందుకెత్తారు అని మెల్లగా అడిగాడు.

గడప అన్నాను.

అతను తలూపాడు. ఆవిడ దగ్గరికి బయలుదేరాడు. ఆ చోటికి వచ్చేసరికి అతని కాలు కూడా లేచింది.

తిరిగి వస్తూ డైరెక్టర్ అన్న మాటలు కండక్టరమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, ఉండబట్టలేదు. ఆవిడకి కోపం రాలేదు. "మొండిదనే రాయి. మా అక్క మొండిదే. కాకపోతే ఎవరి కోసమో కూడా రాయి" అంది. డైరెక్టర్ ఫోన్ నంబర్ తీసుకుంది.

మార్చి 28, శుక్రవారం

పదకొండు గంటలకి డైరెక్టర్ గదిలో ఫోన్ మోగింది. ఆవిడ మాటలు తలుపు మూసి ఉన్నా మా సెక్షన్ అంతటికీ వినిపించాయి. "ముసలమ్మ అన్నది ఎవరు? నువ్వా? మా అక్కకి అప్పుడు ముప్పై ఎనిమిది. నీకెన్ని?" ఆ తర్వాత నెమ్మదిగానే మాట్లాడిందనుకుంటాను, ఏమీ వినిపించలేదు. చాలాసేపు.

డైరెక్టర్ చెవి రుద్దుకుంటూ బయటికి వచ్చాడు. డ్రాఫ్ట్ అడిగాడు. సంతకం పెట్టాడు. వాళ్ళమ్మ రోజూ కండక్టరమ్మ బస్సులోనే పనికి వెళ్ళేదట. అది నాకు కాదు, గోడకి చెప్పాడు.

మార్చి 31, సోమవారం

మీటింగ్. మలుపు దగ్గర నేల గట్టిగా లేదని, తిన్నగా దారి వేస్తే కుంగిపోతుందని, పాత దారే ఉంచడం మంచిదని టేపు రిపోర్టు ఇచ్చాడు. నేను అతని వైపు చూశాను. అతను టేపు వైపు చూసుకున్నాడు.

కండక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. తిన్నగా వేస్తేనే బాగుండేది, ముసలివాళ్ళకి నడక తగ్గేది అని గొణిగింది. అంతలోనే, "ఆ ఇంజనీరుకి పెళ్ళయిందా?" అంది. ఎందుకండీ అన్నాను. ఊరికే, మొండివాడు, పెళ్ళాం జాగ్రత్తగా ఉండాలి అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

బోర్డు నిలబెట్టారు. మొండిదనే రాశాను, ఎవరి కోసమో కూడా రాశాను. అత్తయ్యా నేనూ ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఎవరు చదువుతారా అని చూశాం. చాలామంది చదవలేదు. ఒకావిడ చదివింది. దారమ్మట వెళ్ళి, మలుపు దగ్గర ఆగి, గడ్డి వైపు కాస్త వంగి, సగం తెరిచిన కిటికీలోకి చూస్తున్నట్టు చూసింది.